జాక్ జాన్సన్ అలీ కాలంలో పుట్టి ఉంటే

ఆటల పిచ్చి ఉన్నవాళ్ళు ఇద్దరు ఒకచోట కూర్చుంటే ఒక మాట తప్పకుండా వస్తుంది. ఆ కాలపు వీరుడు ఈ కాలంలో ఆడితే ఏమయ్యేవాడు? ఈ కాలపువాడు ఆ కాలంలో నిలబడగలిగేవాడా? క్రికెట్ చూసేవాళ్ళు బ్రాడ్‌మన్‌ని తీసుకొచ్చి బుమ్రా ముందు నిలబెడతారు. హాకీ వాళ్ళు ధ్యాన్‌చంద్‌ని ఇప్పటి పచ్చటి టర్ఫ్ మీద పరుగెత్తిస్తారు. అన్నిటికన్నా ఎక్కువగా ఈ వాదం నడిచేది బాక్సింగ్‌లో, అందులోనూ హెవీవెయిట్‌లో. అక్కడ పదకొండు మంది జట్టు లేదు, బ్యాటు లేదు, పిచ్ లేదు. తాళ్ళు కట్టిన కొంత చోటు, అందులో ఇద్దరు మనుషులు. కళ్ళు మూసుకుంటే చాలు, వందేళ్ళ దూరంలో ఉన్న ఇద్దరిని ఎదురెదురుగా నిలబెట్టొచ్చు.

నేను ఆదిలాబాద్ ఏజెన్సీలో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. మా ఆశ్రమ పాఠశాలలో బాక్సింగ్ రింగ్ లేదు. వేపచెట్టు కొమ్మకు ఇసుక నింపిన గోనెసంచి ఒకటి వేలాడుతుంటుంది. రెండు జతల పాత గ్లవ్స్ ఉన్నాయి. అయినా మా పిల్లలకు మహమ్మద్ అలీ తెలుసు, మైక్ టైసన్ తెలుసు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు అన్నల ఫోన్లలో చూసి వస్తారు. సాయంత్రం ఆటల గంట అయ్యాక వాదన మొదలవుతుంది. టైసన్ ఒక్కటి గుద్దితే అలీ లేవడని కొందరు, అసలు టైసన్‌కి అలీ దొరికితే కదా అని కొందరు. చివరికి తీర్పు చెప్పమని నా దగ్గరికి వస్తారు. నేను వాళ్ళకు ముందు జాక్ జాన్సన్ పేరు చెబుతాను. ఆ పేరు వాళ్ళు విని ఉండరు. అతని కథ తెలిశాక ఈ ఆటను ఆడే పద్ధతే మారిపోతుంది. మన పిల్లలకూ, వాళ్ళకు పాఠం చెప్పే మనకూ అందులో పనికొచ్చేది ఉందని నాకనిపించి ఇది రాస్తున్నాను.

ఈ ఆటను అమెరికాలో ఒకసారి యంత్రంతో ఆడించారు. 1967లో ముర్రే వోరొనర్ అనే రేడియో నిర్మాత పదహారు మంది పాత, కొత్త హెవీవెయిట్ ఛాంపియన్ల వివరాలను కంప్యూటర్‌కు ఇచ్చి టోర్నమెంట్ జరిపించాడు. ఎవరి గుద్దులో ఎంత బలం, ఎవరి కాలిలో ఎంత వేగం, ఎవరు ఎన్ని దెబ్బలు ఓర్చుకోగలరు అన్నీ అంకెలుగా మార్చి పెట్టారు. యంత్రం చెప్పినదాన్ని నిజం పోటీ జరుగుతున్నట్టే రేడియోలో వినిపించారు. అందులో అలీ, 1900 ప్రాంతపు ఛాంపియన్ జిమ్ జెఫ్రీస్ చేతిలో ఓడిపోయాడు. అలీకి ఒళ్ళు మండింది. పది లక్షల డాలర్లకు పరువునష్టం దావా వేశాడు. ఆ తగాదా రాజీ అయ్యి, చివరికి ఒక సినిమాగా తేలింది. ఆడిన 49 పోటీల్లోనూ గెలిచి 1956లో రిటైరైన రాకీ మార్సియానోను పిలిచారు. అప్పటికి అతనికి 45 ఏళ్ళు. ఒళ్ళు తగ్గించుకుని, బట్టతల మీద విగ్గు పెట్టుకుని వచ్చాడు. 1969లో మయామీలో అతనూ అలీ కలిసి సుమారు డెబ్బై చిన్న చిన్న రౌండ్లు కెమెరా ముందు ఆడారు. ముగింపులు కూడా రకరకాలుగా తీసి పెట్టుకున్నారు. 1970 జనవరి 20న సినిమా హాళ్ళలో చూపించారు. 13వ రౌండ్‌లో మార్సియానో గెలిచాడు. అది చూడటానికి మార్సియానో లేడు. 1969 ఆగస్టు 31న విమాన ప్రమాదంలో చనిపోయాడు. యూరప్‌లో చూపించినప్పుడు మాత్రం అలీ గెలిచినట్టు చూపించారు.

ఇది చెబితే పిల్లలు పడీ పడీ నవ్వుతారు. యంత్రం ఒక్కటే, ఒక్కో జనానికి ఒక్కో గెలుపు. నల్లవాళ్ళను అణగదొక్కడంలో పేరుమోసిన రాష్ట్రం అలబామా. ఆ కంప్యూటర్‌ను అక్కడే తయారుచేసి ఉంటారని అలీ వెటకారం చేశాడట. నవ్వులు ఆగాక నేను ఒకటి అడుగుతాను. ఆ సినిమా తీసేనాటికి అలీకి 27 ఏళ్ళు. బాక్సర్‌కి అది మంచి ఈడు. అలాంటివాడు నిజం రింగ్ వదిలేసి ఉత్తుత్తి రింగ్‌లో ఎందుకు ఉన్నాడు? వియత్నాం యుద్ధానికి పోనన్నాడని అతని టైటిల్ లాగేసుకున్నారు, లైసెన్స్ ఇవ్వలేదు. యంత్రానికి అలీ ఎత్తు తెలుసు, బరువు తెలుసు, వేగం తెలుసు. అతన్ని రింగ్‌లోకి ఎవరు రానివ్వడం లేదో, ఎందుకు రానివ్వడం లేదో దానికి చెప్పలేదు.

మనం కూడా ఈ ఆటలో చేసేది అదే. మనిషి ఒంటిని మాత్రం ఎత్తుకొచ్చి ఇంకో కాలంలో దింపుతాం. మిగతావన్నీ వదిలేస్తాం.

ముందు ఆట లెక్కలే చూద్దాం. మూడు నిమిషాల రౌండ్, ఒక నిమిషం విరామం, చేతికి గ్లవ్స్, పడినవాడికి పది లెక్కపెట్టడం, ఇవన్నీ 1867 నాటి క్వీన్స్‌బెరీ నియమాలతో వచ్చాయి. వట్టి పిడికిళ్ళతో ఆడిన చివరి హెవీవెయిట్ ఛాంపియన్ పోటీ 1889లో జరిగింది. జాన్ ఎల్. సలివన్, జేక్ కిల్‌రెయిన్ ఆ రోజు 75 రౌండ్లు కొట్టుకున్నారు. జాన్సన్ నాటికి గ్లవ్స్ వచ్చాయి కానీ ఇప్పటివాటికన్నా పలచనివి. టైటిల్ పోటీని 45 రౌండ్లకు పెట్టేవాళ్ళు. అలీ కాలంలో అది 15. 1982లో కొరియా బాక్సర్ కిమ్ డుక్ కూ దెబ్బలు తిని చనిపోయాక 12కి తగ్గించడం మొదలైంది. 1919లో జాక్ డెంప్సీ, జెస్ విల్లర్డ్‌ను మొదటి రౌండ్‌లోనే ఏడుసార్లు పడగొట్టాడు. పడినవాడు లేస్తుండగా పక్కనే నిలబడి మళ్ళీ కొట్టినా అప్పట్లో తప్పు లేదు. ఇప్పుడైతే పడగొట్టినవాడు దూరంగా మూలకు పోయి నిలబడాలి.

బరువు సంగతీ అంతే. మార్సియానో దాదాపు 85 కిలోలు ఉండేవాడు. ఇప్పుడు 90 కిలోల చిల్లర లోపు వాళ్ళకు క్రూయిజర్‌వెయిట్ అని వేరే తరగతి ఉంది. అంటే హెవీవెయిట్ చరిత్రలో ఒక్కసారీ ఓడని మనిషి ఈరోజు కాటా ఎక్కితే హెవీవెయిట్ లెక్కలోకే రాడు. అట్లని బరువే అంతా అనుకోవద్దు. ఉక్రెయిన్ బాక్సర్ ఒలెక్సాండర్ ఉసిక్ క్రూయిజర్‌వెయిట్ నుంచే పైకి వచ్చి, తనకన్నా ఎంతో పొడవూ బరువూ ఉన్న టైసన్ ఫ్యూరీని 2024లో ఓడించాడు.

ఇప్పుడు జాన్సన్ దగ్గరికి వస్తాను. 1878లో టెక్సస్‌లోని గాల్వెస్టన్‌లో పుట్టాడు. అమ్మా నాన్నా ఒకప్పుడు బానిసలు. అలీ అయితే 12 ఏళ్ళప్పుడు సైకిల్ పోయిందని ఏడుస్తూ పోలీసు దగ్గరికి వెళ్ళాడు. ఆ పోలీసే జిమ్‌లో బాక్సింగ్ నేర్పించాడు. జాన్సన్‌కు జిమ్ ఎక్కడిది? ఆ రోజుల్లో నల్ల పిల్లల్ని గుంపుగా రింగ్‌లోకి తోసి, ఒకళ్ళనొకళ్ళు కొట్టుకుంటుంటే తెల్ల పెద్దమనుషులు చూసి నవ్వి చిల్లర విసిరేవాళ్ళు. కొన్నిసార్లు కళ్ళకు గంతలు కూడా కట్టేవాళ్ళు. జాన్సన్ మొదలైంది అక్కడ. 1901లో జో చోయిన్‌స్కీ అనే అనుభవజ్ఞుడు అతన్ని నాకౌట్ చేశాడు. టెక్సస్‌లో అప్పుడు పందెపు బాక్సింగ్ నేరం కాబట్టి ఇద్దర్నీ పట్టుకుపోయి ఒకే జైల్లో వేశారు. ఆ మూడు వారాల చిల్లరలో చోయిన్‌స్కీ అతనికి దెబ్బ తప్పించుకునే మెళకువలు నేర్పాడు. జాన్సన్‌కు దొరికిన గొప్ప కోచింగ్ సెంటర్ ఆ జైలు.

1903లో అతను నల్లవాళ్ళ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. అవును, నల్లవాళ్ళకు వేరే టైటిల్ ఉండేది. అసలు టైటిల్ జెఫ్రీస్ దగ్గర ఉంది. తాను ఛాంపియన్‌గా ఉన్నంతకాలం నల్లవాడితో ఆడనని జెఫ్రీస్ గీత గీశాడు. 1905లో ఓటమి లేకుండా రిటైరైపోయాడు. తర్వాత టైటిల్ టామీ బర్న్స్‌కు వచ్చింది. జాన్సన్ అతని వెంట పడ్డాడు. ఇంగ్లండ్ పోతే ఇంగ్లండ్, ఆస్ట్రేలియా పోతే ఆస్ట్రేలియా. ఆఖరికి 1908 డిసెంబర్ 26న సిడ్నీలో పోటీ కుదిరింది. బర్న్స్‌కు 30,000 డాలర్లు, జాన్సన్‌కు 5,000. 14వ రౌండ్‌లో పోలీసులు మధ్యలో వచ్చి ఆపేశారు. టైటిల్ జాన్సన్‌దైంది. అప్పటికి అతనికి 30 ఏళ్ళు. అలీకి టైటిల్ వచ్చింది 22 ఏళ్ళకు.

ఒక నల్లవాడు ఛాంపియన్‌గా ఉండటం చాలామందికి మింగుడుపడలేదు. తెల్లజాతి పరువు నిలబెట్టమని జెఫ్రీస్‌ను మళ్ళీ రింగ్‌లోకి లాగారు. 1910 జూలై 4న రీనో పట్టణంలో జాన్సన్ అతన్ని 15వ రౌండ్‌లో ఓడించాడు. ఆ రాత్రి అమెరికాలోని ఎన్నో ఊళ్ళలో నల్లవాళ్ళ మీద దాడులు జరిగాయి. కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. రింగ్‌లో ఒకడు గెలిచినందుకు వీధిలో ఇంకొకడు చచ్చిపోయాడు. 1912లో అక్కడి పార్లమెంటు బాక్సింగ్ ఫిల్ములను ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తీసుకుపోకూడదని చట్టం చేసింది. గెలిచినవాణ్ణి ఓడించలేక, గెలుపు కంటబడకుండా చేశారు. తర్వాత 1913లో, ఆడవాళ్ళ అక్రమ రవాణాను ఆపడానికి పుట్టిన చట్టాన్ని జాన్సన్ మీద వాడారు. తెల్ల స్త్రీలతో అతని సంబంధాలే అసలు కారణం. అందరూ తెల్లవాళ్ళే ఉన్న జ్యూరీ అతన్ని దోషి అంది. అతను దేశం వదిలి పారిపోయాడు. 1915లో హవానాలో, 26వ రౌండ్‌లో విల్లర్డ్ చేతిలో టైటిల్ పోగొట్టుకున్నాడు. 1920లో తిరిగి వచ్చి లొంగిపోయి దాదాపు ఏడాది జైల్లో ఉన్నాడు. 1946లో కారు ప్రమాదంలో పోయాడు. ఆ శిక్షకు దేశాధ్యక్షుడి క్షమాభిక్ష వచ్చింది 2018లో, మనిషి పోయిన 72 ఏళ్ళకు.

ఈ కథను నేను ఇంతగా పట్టుకోవడానికి కారణం ఉంది. ఇదివరకు నేను పనిచేసిన ఒక బడిలో తోటి ఉపాధ్యాయుడొకరు టీ తాగుతూ అన్నారు, “మీ పిల్లలు రాష్ట్రస్థాయికి పోతున్నారు, సంతోషమే మాస్టారూ. కానీ ఇంత సత్తా ఉంటే ఇన్నేళ్ళూ ఏమైంది? ఇప్పుడు అన్నీ ఇస్తున్నారు కాబట్టి వస్తున్నారు.” ఆయన చెడ్డ మనిషి కాదు. మా పిల్లలకు తన జీతంలోంచి బూట్లు కొనిచ్చిన మనిషి. అందుకే ఆ మాట నన్ను వదల్లేదు. కొన్ని రోజులకు అదే మాట మా పిల్లవాడి నోట విన్నాను. తొమ్మిదో తరగతి వాడు, మంచి చురుకైనవాడు. “మా తాతలకు ఏం చేతకాలేదు సార్. అడవిలోనే పడి ఉన్నారు” అన్నాడు. బయటివాళ్ళు అంటే జవాబు చెప్పొచ్చు. మన పిల్లవాడే తన తాతను తక్కువ చేసుకుంటే ఏం చెప్పాలి?

నేను వాడికి సామ్ లాంగ్‌ఫర్డ్ గురించి చెప్పాను. కెనడాలో పుట్టిన నల్ల బాక్సర్. ఎత్తు 170 సెంటీమీటర్ల లోపలే. అయినా తేలిక బరువు వాళ్ళ నుంచి హెవీవెయిట్ల దాకా అందరితో ఆడాడు. తాను ఆడటానికి భయపడిన మనిషి లాంగ్‌ఫర్డేనని జాక్ డెంప్సీ అంతటివాడు తన ఆత్మకథలో ఒప్పుకున్నాడు. అలాంటివాడికి ప్రపంచ హెవీవెయిట్ టైటిల్ కోసం ఆడే అవకాశం ఒక్కసారి కూడా రాలేదు. తెల్లవాళ్ళు ఆడరు కాబట్టి ఆ రోజుల్లో నల్ల బాక్సర్లు మళ్ళీ మళ్ళీ తమలో తామే ఆడుకునేవాళ్ళు. లాంగ్‌ఫర్డ్, హ్యారీ విల్స్ పదిసార్లకు పైగా తలపడ్డారు. చివరికి లాంగ్‌ఫర్డ్‌కు చూపు పోయింది. 1944లో ఒక పత్రికా విలేకరి వెతుక్కుంటూ పోయేసరికి హార్లెంలో ఒక గదిలో దరిద్రంలో ఉన్నాడు. ఛాంపియన్ల పట్టికలో అతని పేరు ఉండదు. పట్టిక మాత్రమే చూసినవాడు, ఆ కాలంలో నల్లవాళ్ళలో ఒక్క జాన్సన్‌కే సత్తా ఉందనుకుంటాడు.

ఇంకో చేదు సంగతి కూడా పిల్లలకు దాచకుండా చెబుతాను. జాన్సన్ ఛాంపియన్ అయ్యాక లాంగ్‌ఫర్డ్‌కు అవకాశం ఇవ్వలేదు. తాను ఛాంపియన్‌గా ఉండగా ఒకే ఒక్కసారి, 1913లో పారిస్‌లో, ఇంకో నల్ల బాక్సర్‌తో టైటిల్ పోటీ ఆడాడు. తెల్లవాళ్ళతో ఆడితే డబ్బు ఎక్కువ. తలుపు తోసుకుని లోపలికి పోయినవాడు వెనక వచ్చేవాడి కోసం తలుపు పట్టుకుని నిలబడతాడని నమ్మకం లేదు. ఉద్యోగాలు వచ్చి పట్నం చేరిన మనలో కొందరిని చూసినప్పుడు నాకు ఇది గుర్తొస్తుంది.

ఇక పిల్లలు అడిగే ప్రశ్నకు నా తీర్పు చెబుతాను. అలీ, జాన్సన్ ఒకే ఈడులో ఎదురెదురైతే? అది ఎవరి కాలపు రింగ్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. 1970ల రింగ్, 15 రౌండ్లు, పట్టుకుంటే వెంటనే విడదీసే రిఫరీ. అలాంటి చోట అలీయే గెలుస్తాడు. పొడుగు చేయి, చురుకైన కాళ్ళు, దూరం నుంచి పాయింట్లు ఏరుకుంటాడు. 1910 రింగ్, 45 రౌండ్లు, నెత్తిన ఎండ, పలచని గ్లవ్స్. అక్కడైతే నా పందెం జాన్సన్ మీద. అతని ఆట తొందరలేని ఆట. ఎదుటివాడి దెబ్బను గాలిలోనే చేత్తో ఆపుతాడు, దండచేయి పట్టుకుని దగ్గరికి లాగుతాడు, కింది నుంచి పైకి గుద్దుతాడు, అలిసిపోయేదాకా ఆడిస్తాడు. ఎంతసేపు ఆడాలో తెలియని కాలం అతనికి ఆ ఆట నేర్పింది. రౌండ్‌కు మూడు నిమిషాల చొప్పున 45 రౌండ్లు ఎవరూ నాట్యం చేయలేరు. అలీ కూడా అక్కడ పుట్టి ఉంటే వేరే ఆట నేర్చుకునేవాడు.

రింగ్ బయట ఏమయ్యేది? దీనికే నేను ఎక్కువ సమయం తీసుకుంటాను. అలీని 1913కి పంపిద్దాం. ప్రభుత్వాన్ని ఎదిరించి మాట్లాడిన నల్లవాడు, పేరూ మతమూ మార్చుకున్నవాడు. అతని తరఫున నిలబడే సంఘం ఎంత, లాయర్లు ఎందరు? అతనూ జైలుకో పరాయి దేశానికో పోయేవాడు. నిజం కాలంలో కూడా అతనికి 1967లో ఐదేళ్ళ శిక్ష, 10,000 డాలర్ల జరిమానా పడ్డాయి. మూడున్నరేళ్ళు రింగ్ మొహం చూడలేదు. అతను మళ్ళీ రింగ్ ఎక్కింది 1970 అక్టోబర్ 26న అట్లాంటాలో. జార్జియా రాష్ట్రానికి బాక్సింగ్ కమిషన్ లేదు. లెరాయ్ జాన్సన్ అనే నల్లజాతి సెనేటర్ ఆ రాష్ట్ర శాసనసభలో ఉన్నాడు. ఆయన పట్టుబట్టి అనుమతి తెప్పించాడు. న్యూయార్క్‌లో నల్లవాళ్ళ హక్కుల కోసం పనిచేసే లాయర్లు కోర్టుకు పోయారు. దొంగతనాలు, కొట్లాటలు చేసి శిక్షపడిన ఎంతోమందికి లైసెన్స్ ఇచ్చిన కమిషన్ అలీకి ఒక్కడికే ఎందుకు ఇవ్వదని అడిగి గెలిచారు. 1971 జూన్ 28న సుప్రీంకోర్టు 8-0తో అతని శిక్ష కొట్టేసింది. 1910లో ఆ సెనేటర్ లేడు, ఆ లాయర్ల దండు లేదు. జాన్సన్ కాలానికీ అలీ కాలానికీ పెద్ద తేడా అక్కడుంది. సభలో మనవాడు ఒకడు కూర్చుంటే ఏమవుతుందని అడిగే పిల్లలకు ఇంతకన్నా మంచి పాఠం నాకు దొరకలేదు.

అయితే అన్నిటా కొత్త కాలమే మేలని కూడా కాదు. జాన్సన్ పారిపోయిన నాటికి దేశాలు దాటడానికి ఇప్పటిలా పాస్‌పోర్టు పట్టింపులు లేవు. యూరప్‌లో, దక్షిణ అమెరికాలో తిరిగి పొట్ట పోసుకున్నాడు. అలీ పాస్‌పోర్టు తీసేసుకున్నారు కాబట్టి బయటి దేశంలో కూడా ఆడలేకపోయాడు.

జాన్సన్‌ను అలీ కాలానికి తెద్దాం. చట్టం మనిషి పెళ్ళిలో తలదూర్చని కాలం వస్తోంది, టీవీ ఉంది, డబ్బుంది. టైటిల్ కోసం ఏళ్ళ తరబడి ఓడల్లో తిరగక్కర్లేదు. అతని నవ్వు, రింగ్‌లో ఎదుటివాడితో ఆడుతూనే మాట్లాడటం, మంచి బట్టలు, వేగంగా పోయే కార్లు జనానికి నచ్చేవి కూడా. కానీ ఇక్కడొక చిక్కు ఉంది. జాన్సన్ పాత ఫిల్ములు అలీ చూశాడు. జాన్సన్ బతుకు మీద వచ్చిన నాటకం చూసి, ఇది నా కథేనన్నాడు. జాన్సన్‌ను అక్కడి నుంచి పీకి ఇక్కడ నాటితే, అలీ ఎవరిని చూసి నేర్చుకుంటాడు?

మధ్యలో ఉన్న జో లూయిస్‌ను కూడా మరిచిపోకూడదు. జాన్సన్ 1915లో ఓడాక 22 ఏళ్ళపాటు ఏ నల్లవాడికీ హెవీవెయిట్ టైటిల్ పోటీ దక్కలేదు. 1937లో లూయిస్‌కు దక్కింది. జాన్సన్‌లా ఉండొద్దని మేనేజర్లు అతనికి కట్టడి పెట్టారు. తెల్ల స్త్రీతో ఫొటో దిగకూడదు, పడిపోయినవాణ్ణి చూసి నవ్వకూడదు. అతను అన్నీ మింగుకుని దాదాపు 12 ఏళ్ళు ఛాంపియన్‌గా ఉన్నాడు, టైటిల్‌ను 25 సార్లు కాపాడుకున్నాడు. యుద్ధకాలంలో రెండు పోటీల డబ్బు సైన్యం, నౌకాదళం సహాయ నిధులకు ఇచ్చేశాడు. తర్వాత పన్ను బకాయిల కింద నలిగిపోయాడు. అతని మౌనాన్ని పిరికితనమనే కుర్రవాళ్ళున్నారు. జాన్సన్ మీద పడిన దెబ్బ వల్ల లూయిస్‌కు ఆ మౌనం వచ్చింది. లూయిస్ తెరిచి ఉంచిన తలుపు వల్ల అలీకి నోరు వచ్చింది. ముగ్గురిలో ఎవరు గొప్ప అని అడిగితే నేను జవాబు చెప్పను. వరుస మార్చి చూడండి, అంటాను. అలీ ముందు, జాన్సన్ చివర పుడితే ఇద్దరి కథలూ చెడిపోతాయి.

మన గిరిజన పిల్లలకు ఇంకా దగ్గరి ఉదాహరణ మేరీ కోమ్. మణిపూర్‌లోని కోమ్ తెగ ఆడబిడ్డ. హెవీవెయిట్ కాదు, అందరికన్నా తేలిక బరువు. ఆడవాళ్ళ ప్రపంచ బాక్సింగ్ పోటీలు మొదలైందే 2001లో. ఆమె ఆరుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయ్యింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ బాక్సింగ్ మొదటిసారి పెట్టింది 2012లో, లండన్‌లో. అక్కడ ఆమె బరువు తరగతి లేదు. ఉన్నవాటిలో చిన్నది 51 కిలోలు. తనకన్నా పెద్ద ఒళ్ళు వాళ్ళతో ఆడి కాంస్యం తెచ్చింది. ఆమె ఇరవై ఏళ్ళు ముందు పుట్టి ఉంటే? అదే పిడికిలి, అదే గుండె, అదే కొండ. మనం మాత్రం ఆమె పేరు వినేవాళ్ళం కాదు. అప్పుడు ఎవరో ఒకరు టీ తాగుతూ, ఆ తెగల ఆడవాళ్ళకు బాక్సింగ్ చేతకాదనేవారు.

తాతలకు ఏం చేతకాలేదన్న ఆ పిల్లవాడితో నేను ఈ ఆటనే మన నేల మీద ఆడించాను. మీ తాత ఇప్పుడు పుట్టి ఉంటే ఏమయ్యేవాడో చెప్పరా అన్నాను. వాడు ఆలోచించి చెప్పడం మొదలుపెట్టాడు. తాత కావడి వేసుకుని తెల్లవారకముందే బయలుదేరి గుట్టలు దాటి అంగడికి పోయేవాడట. షావుకారు తూచిందే తూకం, చెప్పిందే ధర. మళ్ళీ ఆ రాత్రికే ఇల్లు చేరేవాడట. “అంటే రన్నర్ అయ్యేవాడేమో సార్” అన్నాడు. సరే, ఇప్పుడు నువ్వు తాత కాలానికి పో అన్నాను. బడి లేదు. పోడు కొడితే జంగ్లాతు వాళ్ళు వస్తారు. నీ మాట పట్వారీకి రాదు, పట్వారీ భాష నీకు రాదు. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “నేను కూడా కావడే మోసేవాణ్ణి” అన్నాడు.

ఆ తర్వాతి ప్రశ్నే అసలైనది. మరి కాలం ఎట్లా మారింది? దానంతట అది మారలేదు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాడు. ఆ తిరుగుబాటు తర్వాతే కారణాలేమిటో చూడమని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపింది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం మొదలైంది. గోండీలో చదువు చెప్పారు. భీంకు బడి లేదు. ఆయన తర్వాతి పిల్లలకు బడి వచ్చింది. ఆయన్ని మన కాలానికి తెచ్చి, కలెక్టర్ అయ్యేవాడనో ఎమ్మెల్యే అయ్యేవాడనో ఊహించుకోవడం బాగానే ఉంటుంది. కానీ అక్కడి నుంచి తీసేస్తే మన కాలమే ఇట్లా ఉండదు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. పిల్లలు టైసనా అలీనా అని వాదించుకుంటుంటే ఆపకండి. పక్కన కూర్చోండి. గుద్దుల లెక్క అయ్యాక మూడు ప్రశ్నలు అడగండి. ఆ కాలంలో రూలు ఎవరు పెట్టారు? గేటు దగ్గర ఎవరు నిలబడ్డారు? గెలిస్తే డబ్బు ఎవరికి పోయింది? ఈ మూడింటినీ ఆట నుంచి చరిత్రకు, చరిత్ర నుంచి తమ గూడేనికి పిల్లలే తెచ్చుకుంటారు. మనం చెప్పక్కర్లేదు.

యువకులకు ఒక మాట. ఇప్పుడు అన్నీ ఇస్తున్నారు కాబట్టి వస్తున్నారని ఎవరైనా అంటే కోపం తెచ్చుకోకండి, తల కూడా దించకండి. జాన్సన్‌కు 1903లో అసలు టైటిల్ పోటీ ఇవ్వనందువల్ల అతని పిడికిలి బలహీనం కాలేదని చెప్పండి. 1908లో పోటీ ఇచ్చారు కాబట్టే అతను గెలిచాడనేది నిజం. కానీ పోటీ ఇవ్వగానే గెలుపు వచ్చి ఒళ్ళో పడదు. సిడ్నీలో 14 రౌండ్లు అతనే ఆడాడు.

ఇంకొకటి కూడా ఉంది. యాభై ఏళ్ళ తర్వాత మన మనవలు ఇదే ఆట ఆడతారు. 2020లలో మన తాతలు ఉన్నారు, వాళ్ళకు బడి ఉంది, ఫోను ఉంది, ఓటు ఉంది, అయినా ఫలానా తలుపు ఎందుకు తెరవలేదని అడుగుతారు. మా బడిలో రింగ్ కోసం రాసిన దరఖాస్తు మూడో ఏడు నడుస్తోంది. నాలుగోసారి రాయబోతున్నాను. ఈసారి సంతకాలు పెట్టడానికి పదో తరగతి పిల్లలంతా వస్తామన్నారు. ఆ తొమ్మిదో తరగతి వాడు ఇప్పుడు వాళ్ళలో ఉన్నాడు.